బ్రాంకోస్కోపీకి ముందు గొంతుకు మత్తు: నాన్నకు చేయించాలి, తెలిసినవాళ్ళు చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి), ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. నాన్నకు అరవై దాటాయి. పలాస వైపు జీడిపిక్కలు కాల్చే బట్టీల్లో చాలా ఏళ్ళు పనిచేశారు. దగ్గు ఎంతకీ తగ్గడం లేదు, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది, మనిషి బాగా చిక్కిపోయారు. ఎక్స్‌రేలో కుడివైపు పైన మచ్చ ఉందన్నారు. కళ్లె పరీక్షలో టీబీ లేదని వచ్చింది, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షలోనూ అంతే. అసలు కళ్లె సరిగ్గా పడితే కదా! అందుకే బరంపురంలో డాక్టరుగారు బ్రాంకోస్కోపీ, అంటే సన్నటి పైపు ఊపిరి గొట్టంలోకి పంపి చూసే పరీక్ష చేసి ఊపిరితిత్తి లోపల కడిగిన నీళ్ళు తీసి పంపుదామన్నారు.

పూర్తి మత్తు ఇవ్వరట. గొంతుకు మాత్రం మందు కొట్టి మొద్దుబారుస్తారట. అది విన్న దగ్గర్నుంచీ నాన్న ఒకటే మాట: "మెలకువగా ఉన్నవాడి ముక్కులో పైపు దూరిస్తే ఊపిరెలా ఆడుతుందిరా?" నాకూ ఏం చెప్పాలో తోచడం లేదు. పొద్దున పళ్ళు తోముకున్నా ఆయనకు డోకు వస్తుంది. ఇక్కడెవరైనా చేయించుకున్నారా?


వంశధార (గుణుపురం)

మా అన్నయ్యకు చేయించాం, రెండుసార్లు. మొదటిసారి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, పేరెందుకులెండి. నోట్లో రెండు పిచికారీలు కొట్టారు, ఆ వెంటనే పైపు పెట్టేశారు. అన్నయ్య గింజుకుని చేత్తో లాగిపారేశాడు. "పేషెంటు సహకరించలేదు" అని కాగితం మీద రాసిచ్చారు. మా జబ్బు కంటే ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది. రెండోసారి వైజాగ్‌లో వేరేచోట. అక్కడ ముందు ముక్కులోకి జెల్లు పెట్టి పీల్చమన్నారు, గొంతులో స్ప్రే కొట్టారు, కూర్చోబెట్టారు. కాసేపయ్యాక పుల్లతో నాలుక వెనక తాకి చూశారు. అప్పటికీ కొంచెం డోకు వస్తుంటే మళ్ళీ కొట్టి మళ్ళీ ఆగారు. అంతా అయ్యాకే బల్ల ఎక్కించారు. మనిషి అదే, గొంతూ అదే. కాసేపు ఆగారు, ఆగలేదు, అంతే తేడా.


గోపాలపురం_గాలి

ఇదంతా ఎందుకండీ, డబ్బులు పోతే పోయాయి, పూర్తి మత్తు ఇచ్చి చెయ్యమనండి. నిద్రలో అయిపోతుంది. లేదంటే స్ప్రే కాస్త ఎక్కువ కొట్టమనండి. ఎంత కొడితే అంత బాగా తిమ్మిరెక్కుతుంది.


ఛాతీ_వార్డు (బరంపురం)

పల్మనాలజీలో (ఊపిరితిత్తుల వైద్యం) పీజీ చేస్తున్నాను, సొంతూరు టెక్కలి. గాలిగారి మాటల్లో మొదటిదానికి తర్వాత వస్తాను, రెండోదానికి మాత్రం ఇప్పుడే అడ్డు చెప్పాలి. ఎంత కొడితే అంత మంచిది కాదు. ఈ మందుకు లెక్క ఉంది.

మందు పేరు లిగ్నోకెయిన్, జైలోకెయిన్ అన్నా అదే. పన్ను పీకేముందు చిగురుకు ఇచ్చే ఇంజెక్షన్‌లో ఉండేదీ ఇదే. మహేంద్రతనయ గారూ, మీ నాన్నగారు ఎప్పుడైనా పన్ను తీయించుకున్నారా? అప్పుడు దద్దుర్లు, ఆయాసం లాంటివేమీ రాకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, సగం భయం తగ్గుతుంది.

ఇది గొంతు పొర మీద పడ్డాక అక్కడితో ఆగిపోదు. పొరలోంచి రక్తంలోకి వెళ్తుంది. మన దేశపు ఛాతీ వైద్యుల సంఘాలు 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మొత్తం మోతాదు కిలో బరువుకు 8 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ నాన్నగారు చిక్కిపోయారన్నారు. 42 కిలోలు ఉన్నారనుకోండి. 336 మిల్లీగ్రాములు, అంతే ఆయన ఖాతా. 10 శాతం స్ప్రే ఒక్కసారి నొక్కితే 10 మిల్లీగ్రాములు. పదిసార్లు నొక్కితే 100 అయిపోయాయి. ముక్కులోకి 2 శాతం జెల్లు 5 మిల్లీలీటర్లు పెడితే ఇంకో 100. మిగిలింది 136. లోపలికి వెళ్ళేకొద్దీ పైపులోంచి 2 మిల్లీలీటర్ల చొప్పున మందు చిమ్ముతాం. అది 1 శాతం మందైతే ఒక్కో చిమ్ముకు 20, అంటే ఆరుసార్లు చిమ్మొచ్చు. 2 శాతం మందైతే ఒక్కోదానికి 40, మూడుసార్లకే ఖాతా ఖాళీ. దగ్గు ఆపడంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది కాబట్టి మేం 1 శాతమే వాడతాం.

మోతాదు మించితే పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో రొద, తల తిరుగుడు. ఇంకా మించితే మూర్ఛ, ఆపైన గుండె లయ తప్పడం. లివరు జబ్బు, గుండె బలహీనత ఉన్నవాళ్ళలో మందు త్వరగా కరగదు, వాళ్ళకు ఇంకా తగ్గించాలి. కాబట్టి ఆ రోజు పొద్దున బరువు తూయించండి. పాత చీటీలో ఉన్న బరువు చెప్పకండి.


మహేంద్రతనయ

డాక్టరుగారూ, చాలా థాంక్స్. కిందటేడు పన్ను తీయించుకున్నారు, ఏమీ కాలేదు. బరువు సంగతి అసలు తట్టలేదు. మరి ఊపిరి మాట?


ఛాతీ_వార్డు

అది చెప్పడం తేలిక. పైపు లావు 5, 6 మిల్లీమీటర్లు. ఊపిరి గొట్టం వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు. పైపు పక్కనుంచి గాలి ఆడటానికి బోలెడు చోటుంటుంది. రెండో ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెడతాం, వేలికి క్లిప్పు తగిలించి ఆక్సిజన్ ఎంతుందో చూస్తూనే ఉంటాం.

అసలు చిక్కు వేరే. గొంతు మొద్దుబారినప్పుడు మనిషికి గుటక పడుతున్నట్టు తెలీదు. లోపలికి గాలి వెళ్తున్న చల్లదనమూ తెలీదు. గొంతులో ముద్ద అడ్డం పడినట్టు, వాచిపోయినట్టు ఉంటుంది. "ఊపిరాడటం లేదు" అని చేతులు ఊపేవాళ్ళలో చాలామందికి క్లిప్పు మీద 97, 98 కనిపిస్తూ ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే మనిషి తట్టుకుంటాడు. చెప్పకపోతే హడలిపోతాడు. మందు చేదుగా ఉంటుందని కూడా చెప్పండి. ఊరిన ఉమ్మి మింగమని బలవంతపెట్టం, పక్కకు వదిలేయొచ్చు, మేం పీల్చేస్తాం.

పూర్తి మత్తు సంగతి. అవసరమైనచోట ఇస్తారు. చిన్న పిల్లలు పల్లీ గింజో చింతపిక్కో లోపలికి పీల్చుకుంటే పూర్తి మత్తు ఇచ్చి గట్టి గొట్టంతో తీస్తారు. పెద్దవాళ్ళలో లోపల కడిగి నీళ్ళు తీయడానికి అంత అక్కర్లేదు. మీ నాన్నగారిలా బలహీనంగా ఉన్నవాళ్ళకు పూర్తి మత్తే ఇంకో భారం. గొంతు మత్తుతో పాటు చెయ్యి నరంలోకి మిడజోలామ్ కొద్దిగా ఇస్తే మగతగా ఉంటారు, పిలిస్తే పలుకుతారు, తర్వాత చాలావరకు గుర్తుండదు. అది ఇస్తారో లేదో అడగండి. ఇస్తే ఆ రోజు తోడు మనిషి లేకుండా పంపరు, బండి నడపకూడదు.


జయపురం_మాస్టారు

డాక్టరుబాబు చెప్పినదానికి కొసరుగా రెండు ముక్కలు. గొంతుకు మత్తిచ్చి లోపలికి చూడటం కొత్త విద్య కాదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే ఆయన కంటికి కొకెయిన్ చుక్కలు వేసి మొద్దుబార్చి చూపించాడు. 1897లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో గుస్టావ్ కిలియన్ అదే కొకెయిన్‌తో మెలకువగా ఉన్న మనిషి గొంతు మొద్దుబార్చి, ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న పంది ఎముక ముక్కను బయటికి తీశాడు. అప్పటి గొట్టం ఇనప ఊచలా నిటారుగా ఉండేది, ఊహించుకోండి! కొకెయిన్ అలవాటు పడితే వదలదు, ప్రమాదమూ ఎక్కువ. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయిన్ తయారుచేశాక ఆ బెడద తగ్గింది. ఇప్పుడు వాడే వంగే పైపును జపాన్‌కు చెందిన షిగెతో ఇకెడా 1966లో జనం ముందుకు తెచ్చాడు.


గోపాలపురం_గాలి

మాస్టారూ, రేపు స్లిప్ టెస్ట్ పెట్టేలా ఉన్నారు.


జయపురం_మాస్టారు

పెడతాను. నీకు నూటికి సున్నా. ఎక్కువ కొట్టమన్నవాడివి నువ్వే కదా.


మజ్జిగౌరమ్మ_బిడ్డ (రాయగడ)

మా మావయ్యకు గొంతు స్ప్రే కాకుండా మెడ ముందు సూది గుచ్చి ఇచ్చారు! చూసి మా అత్త కళ్ళు తిరిగి పడిపోయింది, ఆవిడను మోసుకెళ్ళడం ఇంకో పని అయింది. అలా గుచ్చొచ్చా? ఇంకొకచోట మా పక్కింటాయనకు నెబ్యులైజర్ మాస్కులో ఈ మందే పోసి పీల్చమన్నారు. ఒక్కో ఊరిలో ఒక్కో పద్ధతా?


ఛాతీ_వార్డు

మెడ సూది సరైన పద్ధతే. గొంతు ముందు చేతికి గట్టిగా తగిలే ముడి ఉంటుంది కదా, దాని కింద చిన్న గుంట. అక్కడ చర్మానికీ ఊపిరి గొట్టానికీ మధ్య పలచని పొరే ఉంటుంది. సూది గుచ్చి వెనక్కి లాగితే సిరంజిలోకి గాలి బుడగలు వస్తాయి, అంటే గొట్టంలో ఉన్నామని అర్థం. వెంటనే మందు వదిలి సూది తీసేస్తాం. ఆ క్షణంలో మనిషి గట్టిగా దగ్గుతాడు. ఆ దగ్గే మందును కింద ఊపిరి గొట్టానికీ పైన స్వరపేటికకూ చిమ్ముతుంది. మా పని దగ్గే చేసిపెడుతుందన్నమాట. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ పద్ధతినీ పైపులోంచి చిమ్మే పద్ధతినీ పోల్చి చూస్తే సూది వైపు దగ్గూ తక్కువ, పట్టిన మందూ తక్కువ. చెయ్యి తిరిగినవాళ్ళు చెయ్యాలి. రక్తం త్వరగా గడ్డకట్టనివాళ్ళకు, మెడ ముందు పెద్ద గాయిటర్ (థైరాయిడ్ వాపు) ఉన్నవాళ్ళకు వద్దంటాం. మీ అత్తగారిని బయట కూర్చోబెట్టాల్సింది.

నెబ్యులైజర్ మాత్రం వద్దనే 2019 మార్గదర్శకాలు అంటున్నాయి. పది నిమిషాలు పీల్చినా అదనంగా దగ్గు తగ్గిందని పరీక్షల్లో తేలలేదు, మోతాదు ఖాతాలో మాత్రం పెద్ద ముక్క పోతుంది. మీ పక్కింటాయనకు హాని జరిగి ఉండదు, కానీ పీల్చిన మందును కూడా లెక్కలో కలిపారా అన్నది ప్రశ్న.


మజ్జిగౌరమ్మ_బిడ్డ

బయట కూర్చోమంటే వినే మనిషి కాదండీ మా అత్త.


ఓటీ_అప్ప (ఇచ్ఛాపురం)

ఎండోస్కోపీ గదిలో సిస్టర్‌గా చేస్తున్నాను, బరంపురం వైపు నుంచీ మాకు పేషెంట్లు వస్తుంటారు. డాక్టర్లు చెప్పనివి కొన్ని నేను చెప్తాను.

తమ్ముడూ, నాన్నగారికి కట్టుడు పళ్ళుంటే తీసి నీ దగ్గర పెట్టుకో. ముందు రోజు రాత్రి మామూలుగా తినొచ్చు, పరీక్షకు ముందు ఆరు గంటలు మాత్రం ఏమీ తినకూడదు. ఉత్త మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా ఫరవాలేదు. పొద్దున్నే ఆకలేస్తోందని అంబలి పోసి తీసుకొస్తారు కొందరు. "అంబలే కదమ్మా, అన్నం కాదుగా" అంటారు. అంబలి మంచినీళ్ళ లెక్కలోకి రాదు. ఆ రోజు వెనక్కి పంపాల్సి వస్తుంది, మళ్ళీ ఆ బస్సు ఖర్చు.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ ఉంటే ఆ పూట ఏం చెయ్యాలో ముందు రోజే అడుగు. గుండెకు క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వేసుకుంటుంటే తప్పకుండా చెప్పు. పరీక్షకు ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీయాల్సి వస్తే కొన్ని రోజుల ముందే ఆపిస్తారు. నీ అంతట నువ్వు ఆపకు.

ఇక లోపల. పైపు స్వరతంతువుల మధ్యలో ఉన్నప్పుడు మాట రాదు. అదే ఎక్కువ కంగారు. మా గదిలో ముందే ఒప్పందం చేసుకుంటాం: ఎడమ చెయ్యి పైకెత్తితే ఆపుతాం. పైపు మీద చెయ్యి వెయ్యొద్దు, అంతే. మందు చిమ్మినప్పుడు దగ్గు తెర వస్తుంది, అది తప్పదు. అర నిమిషం ఆగితే తగ్గుతుంది. ఆ అర నిమిషం ఓపిక డాక్టరుకు ఉండాలి, పేషెంటుకు కాదు.

పరీక్ష అయ్యాకే అసలు కాపలా. గొంతు ఇంకా మొద్దుబారే ఉంటుంది. దాహమంటారు, మనసాగక నీళ్ళిచ్చేస్తారు బంధువులు. నీళ్ళు ఊపిరి గొట్టంలోకి పోయినా ఆ మనిషికి తెలీదు, మామూలుగా పొలమారినట్టు దగ్గు కూడా రాదు. మొన్న వార్డులో ఒక ముసలాయనకు కొడుకు బిస్కెట్టు టీలో ముంచి పెట్టబోతుంటే పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆ కొడుకు నా మీద గొడవ పడ్డాడు, అది వేరే సంగతి. గంటన్నర, రెండు గంటలు ఆగాలి. తర్వాత ఒక్క గుటక మంచినీళ్ళు. దగ్గు రాకపోతే ఇంకో గుటక. వేడి టీ చివరికి, నోరు కాలుతున్నా తెలీదు కనుక.


వంశధార

అప్పా, ఓపిక డాక్టరుకు ఉండాలన్న మాట ఫ్రేము కట్టించి గోడకు తగిలించాలి.


మహేంద్రతనయ

ఇంకో సంగతి. సంతకం పెట్టాల్సిన కాగితం ఇంగ్లీషులో ఉంది, అక్కడ మాట్లాడేది ఒరియాలో. నాన్నకు బజారు ఒరియా వచ్చు గానీ ఈ విషయాలు అర్థం కావు. నేను లోపలికి వెళ్ళొచ్చా?


ఛాతీ_వార్డు

మందు కొట్టే వరకు ఉండనిస్తారు చాలాచోట్ల, అడగండి. బరంపురంలో తెలుగు రాని వార్డు దొరకడం కష్టం, ఎవరో ఒక సిస్టరో వార్డు బాయో ఉంటారు. కాగితం మీద సంతకానికి ముందు నాలుగు సంగతులు తెలుగులో చెప్పించుకోండి: ఏ పరీక్ష చేస్తారు, నీళ్ళేనా ముక్క కూడా తీస్తారా, మగత ఇంజెక్షన్ ఇస్తారా, ఏమైనా అయితే ఎక్కడ చూస్తారు. చెయ్యెత్తే ఒప్పందం కూడా నాన్నగారి ముందే, ఆయనకు తెలిసిన మాటల్లో.


మహేంద్రతనయ, గురువారం రాత్రి

ఇవాళ అయిపోయింది. ఎక్కువ రాయలేను, బాగా అలిసిపోయాం.

బరువు తూచారు, 44. అక్కడి డాక్టరమ్మ మందు లెక్క తెల్లబోర్డు మీద రాసింది, స్ప్రే కొట్టిన ప్రతిసారీ సిస్టర్ ఒక గీత గీసింది. నాన్న నాలుకను గాజుగుడ్డతో పట్టుకుని, "ఆ" అనమని, గొంతు వెనక కొట్టారు. మొదట ఓకరించుకున్నారు. రెండోసారికి తగ్గింది. "నాలుక ఎవరిదో అయిపోయినట్టుందిరా" అన్నారు, మాట ముద్దగా. నేను డాక్టరుగారు ఇక్కడ చెప్పినదే చెప్పాను: మింగినట్టు తెలీదు, ఊపిరి మాత్రం ఆడుతుంది, వేలి క్లిప్పు చూసుకో. ఆ తర్వాత నన్ను బయటికి పంపేశారు. చెయ్యి ఒక్కసారే ఎత్తారట, వెంటనే ఆగారట. బయటికొచ్చాక నాన్న మొదటి ప్రశ్న టీ ఎప్పుడిస్తారని.

ఇంటికొచ్చాక ఇప్పుడు 100 డిగ్రీల జ్వరం ఉంది. కళ్లెలో ఎర్రటి చార ఒకటి కనిపించింది. కంగారు పడాలా?


ఓటీ_అప్ప

లోపల నీళ్ళు పోసి కడిగారు కాబట్టి ఆ రాత్రి కొద్దిగా జ్వరం చాలామందికి వస్తుంది. డాక్టరు రాసిచ్చిన పారాసెటమాల్ వెయ్యి, పడుకోనివ్వు.


ఛాతీ_వార్డు

అప్ప చెప్పిందే. చారలా రక్తం ఒకటి రెండు రోజులు రావొచ్చు. చెంచాల కొద్దీ పడినా, ఒక్కసారిగా ఆయాసం వచ్చినా, ఛాతీలో ఒక పక్క పొడిచినట్టు నొప్పి వచ్చినా, రేపటికీ జ్వరం దిగకుండా పెరిగినా ఆగొద్దు, అర్ధరాత్రైనా దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నీళ్ళను సీబీనాట్‌కు పంపితే ఆ ఫలితం త్వరగా వస్తుంది. కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు మాత్రం వారాలు పడుతుంది, దాని కోసం రోజూ ఫోన్లు చేసి విసిగిపోకండి.


గోపాలపురం_గాలి

నాన్నగారు ధైర్యవంతులు. నా సలహా వెనక్కి తీసుకోను గానీ, మాస్టారి దగ్గర సున్నా మాత్రం ఒప్పుకుంటున్నాను.


మజ్జిగౌరమ్మ_బిడ్డ

మంచి కబురు. డాక్టరుగారూ, ఇప్పుడు నాది. అదే అత్తకు ఇప్పుడు ఈ పరీక్ష రాశారు. ఆవిడకు ఉబ్బసం. ఆవిడకూ ఇలాగేనా?


ఛాతీ_వార్డు

ఇలాగే, ముందొక మెట్టు ఎక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్ళ ఊపిరి గొట్టాలు చిన్నదానికే బిగుసుకుంటాయి. పైపు తగిలినా బిగుస్తాయి, కొందరికి ఈ మందు తగిలినా మొదట కాస్త బిగుస్తాయి. అందుకని ముందు సాల్బుటమాల్ ఇచ్చి గొట్టాలు విప్పారాక అప్పుడు గొంతుకు మత్తిస్తాం. పిల్లికూతలు బాగా వినిపిస్తున్న రోజు పరీక్ష వాయిదా వేయడమే మేలు. ఉపవాసం అనగానే ఇన్‌హేలర్ కూడా మానేసి వస్తారు చాలామంది. మానొద్దు. ఆ పొద్దున కూడా పీల్చి, దాన్ని సంచిలో వేసుకుని రమ్మనండి.